గోపురం మీంచి గోడలోకి

పెనుకొండలో పాత కోటగోడ వెంట నడిస్తే రాయి తప్ప మరొకటి కనపడదు. కాలి కింద రాయి, గోడలో రాయి, ద్వారబంధంలో రాయి, ఎదురుగా కొండంతా రాయి. తలెత్తితేనే ఇటుక కనిపిస్తుంది. శిఖరం మీద బొమ్మ చెయ్యి విరిగినచోట, పిట్టగోడ మీద గార రాలినచోట, కమాను వంపులో పగులు విచ్చినచోట ఎర్రగా, పలచగా, సున్నం నడుమ ఒదిగి ఉంటుంది. చాలా ఏళ్ళు నేను దీన్ని పట్టించుకోలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో పాత ఇళ్ళు చూస్తూ తిరగడం మొదలుపెట్టాకే నా బుర్రకెక్కింది. వేరేచోట్ల ఇటుక పునాదిలో పుట్టి గోడై పైకి లేచింది. మా వైపు మాత్రం అది పైన పుట్టి, వందల ఏళ్ళు తీసుకుని, మెల్లమెల్లగా కిందికి దిగింది. గోపురం మీంచి మహలుకు, మహలు నుంచి షావుకారు మేడకు, అక్కడి నుంచి రైతు మిద్దె పిట్టగోడకు, చిట్టచివరికి గోడలోకి. ఈ మూడు ఊళ్ళ నడుమ ఇంటి చరిత్ర అంటే ఆ దిగుడే అని నా నమ్మకం.

ఇటుక అనే మాట సంస్కృతంలోని ఇష్టక నుంచి ప్రాకృతం మీదుగా మనకు చేరింది. యజ్ఞవేదిక పేర్చడానికి వాడిన వస్తువు పేరది. అంతకన్నా ముందే సింధు నాగరికత ఊళ్ళలో 1:2:4 కొలతలో ఇటుకలు కోశారు. మన కృష్ణా తీరంలో అమరావతి స్తూపానికి, నాగార్జునకొండ విహారాలకు లోపలి కండ అంతా ఇటుకే. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ ఇటుక పొడవు 20 అంగుళాలు, వెడల్పు 10, మందం 3. ఒక్కదాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. అక్కడ నది తెచ్చిన ఒండ్రు ఉంది, ఏడాదంతా నీళ్ళున్నాయి, కాల్చడానికి అడవి ఉంది.

మాకు ఆ మూడూ కరువే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే నేల ఇది. పెన్న, చిత్రావతి పేరుకు నదులే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే పారుతుంది. ఇటుకకు పనికొచ్చే మెత్తటి మట్టి దొరికేది చెరువు అడుగునే. అంటే చెరువు ఉన్న ఊరికే ఇటుక, అదీ చెరువు ఎండిన నెలల్లోనే. మట్టి తొక్కడానికి మళ్ళీ నీళ్ళు కావాలి, కాల్చడానికి కట్టెలు కావాలి. వంటకే కట్టెలు వెదుక్కునే ఊళ్ళో గోడ కోసం బండ్ల కొద్దీ కట్టె ఎవరు తగలేస్తారు? పక్కనే గుట్ట ఉంది. ఒడ్డెర వాళ్ళు ఉలీ సమ్మెటా తీసుకుని కూర్చుంటే గోడకు కావలసిన రాయి వస్తుంది. రాయి చవక, ఇటుక ఖరీదు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు ఇది తలకిందుల లెక్కలా తోస్తుంది.

నీళ్ళ విలువ ఈ ఊళ్ళను ఏలినవాళ్ళకు బాగా తెలుసు. 1388 నాటి శాసనం ఒకటి ఉంది. పెనుకొండను ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు, రాజధానికి నీళ్ళు లేనిదే కుదరదని, జలసూత్రంలో దిట్ట అయిన సింగాయభట్టును పిలిపించి పెన్నేటి నీటిని పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. శిరువేర చెరువు దాకా కాలువ తవ్వి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టారు. ధర్మవరం పెద్ద చెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించాడనీ, తల్లి ధర్మాంబ పేరే ఊరికి వచ్చిందనీ చెప్పుకుంటారు. చెరువు వస్తే పంట వస్తుందని అందరికీ తెలుసు. చెరువు వెంట ఇటుక కూడా వస్తుందని ఎవరూ రాసిపెట్టలేదు.

పెనుకొండ కోట 1354 నాటికి లేచింది. మొదటి బుక్కరాయలు ఈ సీమను కొడుకు వీర విరూపణ్ణ ఒడెయరు చేతికి అప్పగించాడని కోట ద్వారం దగ్గరి శాసనం చెబుతుంది. రెండు వందల ఏళ్ళకు పైగా ఇది విజయనగరానికి రెండో ఇల్లులా నడిచింది. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు కూలాక తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన రాజ్యాన్ని ఇక్కడికే తెచ్చాడు. ఆ తరవాత కొన్నేళ్ళు మొదటి ఇల్లే ఇది అయింది.

ఆ రాజులు ఇటుకను ఎక్కడ వాడారో చూడండి. గుడికి అధిష్ఠానం రాయి, గోడ రాయి, స్తంభం రాయి, పైకప్పు రాతి బండ. గోపురం దగ్గరికి వచ్చేసరికి కింది అంతస్తు వరకే రాయి. ఆపైన అంతస్తు మీద అంతస్తుగా లేచేదంతా ఇటుక, సున్నం, గార బొమ్మలు. కారణం బరువు. అంత ఎత్తున రాతిని పేరిస్తే కింది స్తంభం ఆగదు. ఇటుక తేలిక, కావలసిన చోట చెక్కుకోవచ్చు, సున్నం పూస్తే దేవతల ముఖాలు దిద్దుకోవచ్చు. రెండో కారణం వంపు. రాతితో మనవాళ్ళు దూలం వేయగలరు, బండ పరచగలరు. కమాను, గుమ్మటం తిప్పాలంటే ఇటుకా సున్నమూ చేతికి లొంగినట్టు రాయి లొంగదు. పెనుకొండ గగనమహల్ దగ్గర నిలబడితే ఇది కళ్ళకు కడుతుంది. కమాను ద్వారాలు సుల్తానుల ఊళ్ళ నుంచి వచ్చిన పోకడ. పైన మెట్లుమెట్లుగా సన్నబడే శిఖరం గుడి నుంచి వచ్చిన పోకడ. ఈ రెంటినీ కలిపి కట్టించింది గార పని. ఏ మతపు పనితనం ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపడం కష్టం.

రాజుగారి ఇల్లు చివరికి కూలింది, దేవుడి ఇల్లు నిలిచింది. హంపిలో రాజప్రాసాదాలకు రాతి అరుగులే మిగలడానికి కారణం శత్రువుల కోపం ఒక్కటే అనుకోకూడదు. ఆ అరుగుల మీద లేచిన గోడలు, స్తంభాలు కొయ్య, ఇటుక, గార. కొయ్య కాలుతుంది, గార తడుస్తుంది, పడిన ఇటుకను ఊరివాళ్ళు ఏరుకుపోతారు. లేపాక్షి వీరభద్రాలయం, దాని ముందరి ఏకశిలా నంది మాత్రం అచ్యుతరాయల కాలం నుంచి ఇప్పటిదాకా అట్లాగే కూర్చుని ఉన్నాయి. హిందూపురానికి 15 కిలోమీటర్లే. లేపాక్షి గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు కాబట్టి నేను మళ్ళీ పల్లె దారి పడతాను.

పల్లెలో మిద్దె ఉంది. హద్దు దాటి పావగడ వైపు వెళితే ఇదే మాళిగె మనె. అనంతపురం సీమ మొత్తానికి ఇల్లంటే ఇదే గుర్తొస్తుంది. ఏటవాలు కప్పు లేదు, చూరు లేదు, బల్లపరుపు మట్టి కప్పు. దూరం నుంచి చూస్తే ఊరు మొత్తం నేలలోంచి ఒక నిలువు పైకి లేచినట్టు ఉంటుంది. నేలదీ గోడదీ ఒకటే రంగు.

మా అవ్వ ఇల్లు పెనుకొండకు పడమటగా ఒక చిన్న ఊళ్ళో ఉండేది. రాతిని బంకమట్టితో పేర్చిన గోడ, మందం రెండున్నర అడుగులు. వీధి వైపు అరుగు, ఒక్కటే వాకిలి. వంగి లోపలికి పోవాలి. మొదట పశువులు కట్టేసే చోటు, గోడవారగా గాడి. రెండు మెట్లు ఎక్కితే నట్టిల్లు. మనుషులూ ఎద్దులూ ఒకే కప్పు కింద, రెండడుగుల ఎత్తు తేడాతో. నట్టింట్లో నాలుగు కొయ్య కంబాలు, వాటి మీద వేప దూలాలు. దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద దగ్గర దగ్గరగా సన్న కట్టెలు, ఆపైన బోదగడ్డి, గడ్డి మీద తడిపి తొక్కిన మన్ను. అన్నిటికన్నా పైన చవుడు.

ఈ చవుడు దగ్గర కొంచెం ఆగాలి. పంట పండని, తెల్లగా ఉప్పు పూసిన నేల మీది మన్ను అది. రైతుకు శాపం లాంటి మట్టి, ఇంటికి మాత్రం గొడుగు. అందులోని సోడియం ఉప్పు వల్ల తడి తగలగానే బంకరేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. తొలి చినుకులకు పై పొర జిగురై మూసుకుంటుంది. తరవాత పడిన నీరు లోపలికి దిగకుండా వాలు పట్టుకుని దోనె గుండా వీధిలోకి జారిపోతుంది. ఉప్పు నేల కాబట్టి మిద్దె మీద గడ్డి కూడా సరిగా మొలవదు. ఏ బడిలోనూ చెప్పని ఈ రసాయనశాస్త్రం ఉప్పర కుటుంబాలకు వేలి కొసలలో ఉండేది. వాళ్ళ కులం పేరులోనే ఉప్పు ఉంది. చవుటి నేల నుంచి ఉప్పు తీసినవాళ్ళే చవుడు ఎక్కడిది ఎంత మంచిదో నాలుక మీద వేసుకుని చెప్పేవాళ్ళు. ఏటా వానాకాలానికి ముందు బండ్ల మీద చవుడు తెచ్చి మిద్దె మీద కొత్త పొర పరిచేవాళ్ళు. కాకపోతే ఇందులోనే చేటు కూడా ఉంది. ఏటా ఒక పొర పెరిగితే ఇరవై ఏళ్ళకు దూలం మోసే బరువు ఎంత? చెదలు తిన్న దూలం మీద నానిన మన్ను! ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే ఎవరి మిద్దె కూలిందో అని తెల్లవారగానే ఊరు ఊరంతా చెవులు రిక్కించేది. నిద్రలో మిద్దె మీద పడి పోయిన ప్రాణాలు ఈ సీమలో లెక్కకు మించి ఉన్నాయి. పాత ఇంటి అందం చెప్పేవాళ్ళు ఈ మాట మింగేస్తే తప్పు చేసినట్టే.

నట్టింట్లో వెలుతురు పై నుంచి. కప్పుకు పెట్టిన చదరపు కంతను గవాచి అంటారు. మధ్యాహ్నం దాని గుండా దిగిన ఎండ రాగులు పోసిన గంప మీద పడి, పొద్దు వాలేకొద్దీ గోడ ఎక్కేది. అవ్వకు గడియారం అదే. మబ్బు కమ్మితే "ఒరేయ్, మిద్దెక్కి గవాచి మూయిపో" అని కేక వేసేది. మేం పరిగెత్తి దాని మీద బండ జరిపేవాళ్ళం. ఎండాకాలంలో గోడల మందమే పంకా. మధ్యాహ్నపు వేడి ఆ రెండున్నర అడుగులూ దాటి లోపలికి చేరేసరికి రాత్రయ్యేది. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీద చాపలు పరుచుకుని చుక్కలు చూస్తూ పడుకుని ఉండేవాళ్ళం.

ఆ ఇంట్లో ఇటుక ఎక్కడుందో పెద్దయ్యాక వెదికాను. మూడే చోట్ల ఉంది. పిట్టగోడ మీది వరసలో, గవాచి చుట్టూ కట్టిన అంచులో, దీపగూడు పైన తిప్పిన చిన్న వంపులో. అంటే నీళ్ళు తగిలే అంచులో, వంపు తిరగాల్సిన చోట. రాతి గోడకు చేతకాని రెండు పనులు. గోపురం మీద ఇటుక చేసిన పనే మా అవ్వ దీపగూడు మీదా చేసింది. రాయల కాలపు మేస్త్రీకి తెలిసిన సూత్రం పేరు తెలియని పల్లె మేస్త్రీ చేతిలో అరచేతి వెడల్పున మిగిలింది. అది చూసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

మిద్దెకు కిటికీ లేకపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు, భయం కూడా. విజయనగరం అణగారాక ఈ నేల బీజాపూరు చేతికి, మరాఠాల చేతికి, హైదరు, టిప్పుల చేతికి మారింది. నడుమ పాళెగాళ్ళు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినప్పుడు దత్త మండలాల్లో 80 మంది పాళెగాళ్ళున్నారు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి వాళ్ళ ఆయుధాలు దించాడు, పొలాలు కొలిపించి రైతువారీ పన్ను కట్టాడు. అంతకుముందు తరాలకు దండు ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే ఊరి నడుమ గుండ్రటి బురుజు, ఊరి చుట్టూ గోడ, ఒకరి ఇంటి వెనక గోడ మరొకరి ఇంటికి ఆనించి కట్టడం. మిద్దె మీదికి ఎక్కితే నేల మీద కాలు పెట్టకుండా వీధి చివరి దాకా పోవచ్చు. గింజలు నేలలో పాతర వేసి పైన అలికేసేవాళ్ళు. రాగులు పాతరలో ఏళ్ళ తరబడి చెడవు కాబట్టి అది కరువుకూ కాపు, దొంగకూ కాపు. 1876లో మొదలైన ధాత కరువు పాతరలన్నిటినీ ఊడ్చేసింది. అంత పెద్ద కరువుకు ఏ పాతర చాలుతుంది!

హిందూపురం కథ వేరు. గుత్తి మరాఠా దొర మురారిరావు తన తండ్రి హిందూరావు పేరున ఈ ఊరు కట్టించాడని చెబుతారు. మొదటి నుంచీ సంత ఊరు. బెల్లం, చింతపండు, మిరపకాయల బేరం. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి బెంగుళూరుకు మీటరుగేజీ రైలు పడింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే పట్టాల మీదికి వచ్చాయి. రైలు సరుకునే కాదు, ఇంటి సామాన్లను కూడా దించింది. మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన మిషను పెంకు మన దాకా వచ్చేసరికి బెంగుళూరు పెంకు అయింది. టేకు దూలాలు వచ్చాయి, ఇనుప గడ్డీలు వచ్చాయి. అరిగిపోయిన రైలు పట్టాలే కొందరి ఇళ్ళకు దూలాలయ్యాయి. బొగ్గు, కట్టె వాగన్లలో వస్తే ఇటుకను ఎక్కువగా కాల్చుకోవచ్చు. బెల్లం మండీ షావుకారు వీధి వైపు అంగడి, వెనక కొట్టు, పైన మేడ కట్టాడు. ఆ మేడ కప్పు మద్రాసు టెర్రస్. ఇటుక మళ్ళీ తల మీదే, ఈసారి మాత్రం దేవుడి నెత్తిన కాదు, మనిషి నెత్తిన.

ఈ మద్రాసు కప్పు వేయడం చూసిన ముసలి మేస్త్రీ ఒకాయన నాకు చెప్పిన తీరు ఇంకా చెవిలో ఉంది. టేకు దూలాల మీద సన్నటి చిన్న ఇటుకలు, అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. వాటిని పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. గదికి మూలగా, ఏటవాలు వరసలో, సున్నం ముద్ద పెట్టి ఒకదానికొకటి అతికిస్తూ పోతారు. కింద చెక్క ఆధారం ఉండదు. సున్నం పట్టే పట్టులోనే ఇటుక గాలిలో నిలుస్తుంది. ఒక వరస ఆరాకే రెండో వరస. అది అయ్యాక పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పోసి ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్య తట్టుపలకలతో రోజుల తరబడి తట్టాలి.

"గట్టిగా కొడితే ముక్క చితుకుతుంది నాయనా. కొట్టేది కాదు, తట్టేది. నీళ్ళు పైకి తేలి పలక ఎగిరి వచ్చేదాకా తట్టల్ల" అన్నాడాయన. తట్టేటప్పుడు కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు చిలకరిస్తారు. బెల్లంలోని చక్కెర సున్నాన్ని తొందరపడి బిగుసుకోనివ్వదు, తట్టడానికి వ్యవధి ఇస్తుంది. కరక్కాయ వగరు దాన్ని గట్టిపరుస్తుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఏళ్ళ మీద తిరిగి రాయి అవుతుంది. అంటే ఆ కప్పు కట్టిన రోజు కన్నా యాభై ఏళ్ళకు గట్టిది. బెల్లానికి పేరున్న ఊళ్ళో కప్పు కూడా బెల్లం నీళ్ళు తాగి గట్టిపడిందని తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. ఊరి బయట అక్కడక్కడా ఇప్పటికీ గుండ్రటి రాతి గాడి, అందులో పడి ఉన్న రాతి చక్రం కనిపిస్తాయి. సున్నం గానుగ అది. ఎద్దు తిరుగుతుంటే సున్నం, ఇసుక, ఇటుక పొడి వెన్నలా నలిగేవి.

ధర్మవరంలో ఇంటి కొలత మనిషిది కాదు, మగ్గానిది. నేత ఇంట్లో ముందు మగ్గం గుంత తవ్వుతారు, మిగిలిన చోట సంసారం సర్దుకుంటుంది. నేతగాడు గుంతలో కాళ్ళు పెట్టి నేల మట్టానికి కూర్చుంటాడు, పడుగు అతని ఒడి ఎత్తున సాగుతుంది. పట్టుపోగు కనపడాలంటే వెలుతురు కావాలి. అందుకని ఇక్కడి ఇంటికి మగ్గం పక్కన కిటికీ తప్పదు. మిద్దెకు లేని కిటికీ ధర్మవరం గోడకు పోగు కోసం వచ్చింది. అంచు బొమ్మలు నేసే జాకార్డు యంత్రం వచ్చాక ఇంకో చిక్కు. ఆ పెట్టె మగ్గం మీద ఎత్తున కూర్చోవాలి, అట్టల దండ వేలాడాలి. పాత మిద్దె కప్పు తలకు తగిలేంత కిందుగా ఉంటే జాకార్డు ఎక్కడ పెడతారు? గోడ ఎత్తు పెంచాలి. మట్టి కప్పు బరువును అంత ఎత్తుకు లేపితే ప్రమాదం కాబట్టి కప్పు మారాలి. ఫ్రాన్సులో జాకార్డు 1804లో తన యంత్రం తెచ్చాక లియోన్ నగరంలో క్రువా రూస్ కొండ మీద పట్టు నేతగాళ్ళ కోసం నాలుగు మీటర్ల ఎత్తు గదులతో, పెద్ద కిటికీలతో వీధులకు వీధులే కట్టారు. ఆ ఇళ్ళను ఇప్పుడు లోకమంతా వెళ్ళి చూస్తుంది. ధర్మవరం నేతగాడు అదే పనిని, అదే యంత్రం కోసం, అప్పు చేసి తన గోడ మీద తానే నాలుగు వరసల ఇటుక పెంచుకుని చేశాడు. పాత రాతి గోడ మీద కొత్త ఇటుక వరసలు, ఆ రెంటి నడుమ గీత గీసినట్టు కనిపించే అతుకు. నా లెక్కలో చీర అంచు ఎంత చూడదగినదో ఆ అతుకూ అంతే.

ముసురు పడితే ఆ ఇళ్ళలో గుంతలోకి నీళ్ళు ఊరుతాయి. పోగు చెమ్మ పడుతుంది, అట్టలు ఉబ్బుతాయి, పని ఆగుతుంది. వాన కోసం మొక్కే సీమలో వాన వస్తే పస్తు పడుకునే ఇళ్ళవి.

ఇప్పటిదాకా చెప్పినదంతా మిద్దె ఉన్నవాళ్ళ మాట. చవుడు మోసినవాళ్ళకు, రాయి కొట్టినవాళ్ళకు, మిద్దె ఇంటి పశువులు మేపినవాళ్ళకు చాలాకాలం మిద్దె లేదు. ఊరి చివర, వాడల్లో బోద గుడిసెలు. మోకాలెత్తు మట్టి గోడ, పైన గడ్డి. ఒక నిప్పురవ్వ చాలు వీధి మొత్తం బూడిద కావడానికి. ఊళ్ళో ఇల్లు ఎలా కట్టేవాళ్ళో రాసేటప్పుడు ఎవరిని కట్టుకోనిచ్చేవాళ్ళు కాదో కూడా రాయాలి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థ మొదలుపెట్టాక ఆ వాడల్లో వేల సంఖ్యలో పక్కా ఇళ్ళు లేచాయి, ఇంటి పట్టా ఆడవాళ్ళ పేరున వచ్చింది. ప్రభుత్వ పథకాలు 1980ల నుంచి ఊపందుకున్నాయి. 2006లో వచ్చిన ఇందిరమ్మ ఇళ్ళు ఊరూరా వెలిశాయి. గోపురం మీది నుంచి బయలుదేరిన ఇటుక ఊరి చివరి ఇంటి గోడలోకి దిగింది ఇక్కడే. అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా అవసరమైన చోటికి. ఇన్ని వందల ఏళ్ళ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించే మజిలీ ఇదే.

బట్టీలూ అప్పటి నుంచే పెరిగాయి. చెరువుల్లో నీళ్ళు నిలవని ఏళ్ళు ఎక్కువయ్యేకొద్దీ చెరువు మన్ను ఎత్తడం సులువైంది. బీళ్ళన్నీ కమ్మేసిన కంపచెట్టు కాల్చడానికి కట్టె అయింది. ఒకప్పుడు ఇటుకను అరుదు చేసిన నీటి కరువే ఇప్పుడు దాన్ని చవక చేసింది. రాయి ఖరీదైంది, కొట్టే చేతులు తగ్గాయి. మిద్దెలు విప్పి కాంక్రీటు శ్లాబులు పోశారు. తొమ్మిదంగుళాల గోడ, నాలుగైదు అంగుళాల శ్లాబు. వానకు భయం లేదు, దూలం కూలదు, చెదలు లేదు. ఆ నిశ్చింత ఎంత విలువైనదో మిద్దె కింద ముసురు రాత్రి మేలుకుని గడిపినవాళ్ళకే తెలుస్తుంది. ఎండాకాలం మాత్రం ఆ ఇల్లు పెనమే. సాయంత్రం ఆరింటికి శ్లాబు కింద నిలబడితే మాడు కాలుతుంది. కప్పు మార్చుకున్నాం, దానికి తగ్గ గోడను, గాలి వాటాన్ని మళ్ళీ ఆలోచించలేదు. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ తెరుచుకుంది. 2022 ఏప్రిల్ 4న ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. బెంగుళూరు దారి వెంట స్థలాల ధరలు లేచాయి. పాత ఇళ్ళు పడిపోయే వేగం రెట్టింపైంది. మా అవ్వ ఇంటి కంబాలు, ద్వారబంధం బెంగుళూరు బేరగాడి బండి ఎక్కాయి. ఎవరి హోటలు వసారాలో నిలబడ్డాయో.

మొన్న ఎండాకాలం హిందూపురం దగ్గర పల్లెలో ఒక మేడ విప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. సిమెంటుతో కట్టిన గోడ పడితే ఇటుక ముక్కలవుతుంది, తిరిగి పనికిరాదు. ఇది సున్నపు గోడ. ఇటుక ఇటుకగా ఊడి వస్తోంది. ఇద్దరు ఆడవాళ్ళు నీడలో కూర్చుని ఒక్కో ఇటుకనూ ఎడమ చేత్తో పట్టుకుని, కత్తి మడమతో సున్నం గీకి, వేలి కణుపుతో తట్టి వింటున్నారు. ఖణేల్ మంటే కుడి పక్క కుప్ప, మొద్దు చప్పుడు వస్తే ఎడమ పక్క. "ఏం చేస్తారమ్మా వీటిని?" అని అడిగాను. "ఇంటాయన కొత్త ఇంటికొద్దన్నాడు సామీ. మేం తీసుకపోతాం. మావోడు కట్టిన ఇంటికి పిట్టగోడ లేదు, పిల్లోళ్ళు మిద్దె మీద ఆడుకుంటారు, బయమైతాది" అంది పెద్దామె, చేతిలోని ఇటుకను ఇంకోసారి తట్టి కుడి పక్కన పెడుతూ.